గాయం పిలిచినప్పుడు...

 

హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు మనందరికీ తెలిసిందే. సహీహ్ బుఖారీలోనూ, సహీహ్ ముస్లింలోనూ ఉంది. పరస్పర ప్రేమలో, దయలో, సానుభూతిలో విశ్వాసులు ఒకే దేహం లాంటివారని, అందులో ఏ ఒక్క అవయవానికి బాధ కలిగినా మిగతా దేహమంతా నిద్ర మాని, జ్వరపడి దానికి తోడు నిలుస్తుందని దైవప్రవక్త (స) బోధించారు. జుమా ప్రసంగాల్లో దీన్ని ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. చెప్పే నేనూ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

కొన్ని నెలల క్రితం ఒక శుక్రవారం ఈ హదీసు మీదే బయాన్ చేశాను. ఆ మరుసటి రోజు సాయంత్రమే మా మద్రసాలో చదివే ఒక పిల్లవాడు తన మామయ్యతో బైకు మీద వస్తూ రోడ్డు ప్రమాదంలో పడ్డాడు. కాలి ఎముక విరిగింది. మోకాలి కింద మాంసం చీలి రక్తం కారింది. ఆసుపత్రిలో నేను పక్కన కూర్చున్నప్పుడు వాడు ఒక మాట చెప్పాడు. "మౌలానా! చాలామంది వచ్చారు. చుట్టూ నిలబడ్డారు. ఫోన్లు తీశారు. మన మస్జిదులో అసర్ చదివి వస్తున్నవాళ్ళు కూడా ఉన్నారు. కూరగాయలమ్మే ఒక అమ్మ మాత్రం తన కొంగు చింపి నా కాలికి గట్టిగా కట్టింది."

ఆ అమ్మ ఈ హదీసు విని ఉండదు. విన్నవాళ్ళం మనం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వాపు శత్రువు కాదు

మూడో రోజుకు పిల్లవాడి కాలు బాగా వాచింది. చర్మం ఎర్రబడి వేడిగా ఉంది. ఒళ్ళు కూడా వెచ్చబడింది. వాడి తండ్రి ఆటో నడుపుకునే మనిషి. కంగారుపడి, "డాక్టర్ సాబ్, కాలు పాడైపోతోందా?" అని అడిగాడు. డాక్టరుగారు కట్టు విప్పి, చూసి, నెమ్మదిగా అన్నారు: "వాపంతా చెడ్డది కాదు భాయ్! సాయానికి వచ్చినవాళ్ళ గుంపు అది. వాళ్ళు రాకపోతే అప్పుడు భయపడాలి. వచ్చి వెళ్ళకపోయినా భయపడాలి."

ఈ రెండు వాక్యాలు నా మనసులో నాటుకుపోయాయి. దేహం తన గాయానికి ఎలా పలుకుతుందో ఆ తర్వాత కొంత చదివాను, తెలిసినవారిని అడిగాను. చదివినకొద్దీ, హదీసులోని ఉపమానాన్ని మనం పైపైనే విన్నామని అర్థమయింది.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఖుర్ఆన్, హదీసులు సైన్సు పాఠ్యపుస్తకాలు కావు. అవి మార్గదర్శకత్వం కోసం వచ్చాయి. ప్రయోగశాలలో ఎవరో ధృవీకరిస్తేనే మన విశ్వాసం నిలబడుతుందన్న పరిస్థితి లేదు. అయితే స్వయంగా మీలోనే సూచనలున్నాయి, గమనించరా అని దైవగ్రంథం మనిషిని ప్రశ్నిస్తోంది (అజ్ జారియాత్ : 21). ఆ ఆజ్ఞను పాటించి మన దేహం వైపు ఒకసారి చూద్దాం.

పిలుపు ఎలా వెళుతుంది?

మన రక్తంలో తెల్లకణాలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం న్యూట్రోఫిల్స్ అనే కణాలు. ఎముకల మూలుగలో రోజుకు సుమారు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్ తయారవుతాయి. రక్తంలో వాటి ఆయుష్షు చాలా కొద్దికాలం. వాటికి కళ్ళు లేవు, చెవులు లేవు. మరి కాలికి దెబ్బ తగిలిందని వాటికెవరు చెబుతారు?

గాయమే చెబుతుంది. కణం చిట్లినప్పుడు, మామూలుగా లోపలే ఉండవలసిన పదార్థాలు బయటికి కారతాయి. ఇంటి లోపల ఉండవలసిన వస్తువులు వీధిలో పడి ఉంటే ఆ ఇంట్లో ఏదో జరిగిందని ఇరుగుపొరుగు గ్రహించినట్లే, పక్కన ఉన్న కణాలు ప్రమాదాన్ని గ్రహిస్తాయి. 2009లో శాస్త్రజ్ఞులు జీబ్రా చేప పిల్లల తోకకు చిన్న గాటు పెట్టి గమనించారు. గాయం అంచు నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టి లోపలి వైపు వ్యాపించింది. మందుల షాపులో పుండ్లు కడగడానికి అమ్మే ద్రవంలో ఉండే పదార్థమే అది. సుమారు ఇరవై నిమిషాల్లో అది గరిష్ఠ స్థాయికి చేరింది. మొదటి తెల్లకణం అక్కడికి చేరేసరికే ఈ కబురు సిద్ధంగా ఉంది. గాయానికి దగ్గరగా ఎక్కువగా, దూరం పోయేకొద్దీ తక్కువగా ఉంటుంది. వాసన పట్టుకుని వంటింటికి చేరినట్లు కణాలు ఆ తేడాను పట్టుకుని గాయం దగ్గరికి నడుస్తాయి.

అంతేకాదు. ముందు వచ్చిన కొద్ది కణాలు తిరిగి కబురు పంపుతాయి. 2013లో ఎలుకల చర్మంలో దీన్ని ప్రత్యక్షంగా గమనించారు. ముందు చేరిన న్యూట్రోఫిల్స్ విడుదల చేసే ఒక రసాయనం దూరాన ఉన్నవాటిని పిలుస్తుంది. అవి వచ్చి ఇంకా దూరాన ఉన్నవాటిని పిలుస్తాయి. చూస్తుండగానే తేనెటీగల్లా గుంపు కడతాయి.

ఇప్పుడు హదీసు అరబీ మూలం గుర్తుచేసుకోండి. శరీరం స్పందిస్తుందని చెప్పటానికి అందులో వాడిన పదం 'తదాఆ'. 'దుఆ', 'దావత్' అనే మాటలు ఏ ధాతువు నుంచి వచ్చాయో ఇదీ ఆ ధాతువు నుంచే వచ్చింది. ఒకరినొకరు పిలుచుకోవటం అని దీని అర్థం. బాధపడే అవయవం కోసం మిగతా అవయవాలు ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. అంటే సాటి మనిషి బాధ విని అయ్యో అనుకోవటంతో పని పూర్తికాదు. విన్నవాడు లేచి మరొకర్ని లేపాలి.

సంఖ్య ఉంది, కదలిక లేదు

పిలుపు వినటం ఒక ఎత్తు, వెళ్ళటం మరో ఎత్తు. రక్తం వరదలా ప్రవహిస్తూ ఉంటుంది. ఆ ప్రవాహంలో కొట్టుకుపోయే కణం గాయం దగ్గర ఆగాలి. గాయానికి దగ్గరున్న రక్తనాళం లోపలి గోడకు అప్పటికప్పుడు కొక్కేల వంటివి మొలుస్తాయి. న్యూట్రోఫిల్ వాటికి తగులుకుని మెల్లగా దొర్లుతుంది. తర్వాత తన సొంత పట్టుతో గోడను గట్టిగా కరచుకుంటుంది. తర్వాత తన ఆకారాన్నే సన్నగా మార్చుకుని, గోడలోని కణాల మధ్య ఇరుకు సందులోంచి దూరి బయటికి వస్తుంది. సుఖంగా ప్రవహించే దారిని వదిలి, నలిగి, గాయంలోకి దిగుతుంది. అక్కడికి వెళ్ళినవాటిలో చాలా భాగం తిరిగి రావు.

లోకంలో ఒక అరుదైన వ్యాధి ఉంది. పుట్టుకతోనే వస్తుంది. ఈ పిల్లల్లో తెల్లకణాలకు గోడను పట్టుకునే ఆ పట్టు ఉండదు. మామూలుగా ఒకటి రెండు వారాల్లో రాలిపోయే బొడ్డుతాడు వీరికి చాలా ఆలస్యంగా రాలుతుంది. చిన్న గాయం కూడా మానదు. చీము పట్టదు, ఎందుకంటే చీమంటే చాలావరకు అక్కడికి వచ్చి చనిపోయిన తెల్లకణాలే. జబ్బు తీవ్రంగా ఉండి మూలుగ మార్పిడి జరగకపోతే చిన్నతనంలోనే ప్రాణాపాయం. విచిత్రం ఏమిటంటే, ఆ బిడ్డ రక్తం పరీక్ష చేస్తే తెల్లకణాలు తక్కువగా ఉండవు. మామూలు కంటే చాలా ఎక్కువగా ఉంటాయి! కావలసినంత సైన్యం ఉంది. అంతా రక్తనాళాల్లోనే తిరుగుతోంది. గాయం దగ్గరికి మాత్రం ఒక్కటీ చేరదు.

ఇది చదివినప్పుడు నాకు హజ్రత్ సౌబాన్ (రజి) ఉల్లేఖించిన హదీసు గుర్తొచ్చింది. అబూదావూద్ గ్రంథంలో ఉంది. తినేవాళ్ళు భోజనపు పళ్ళెం చుట్టూ చేరటానికి ఒకరినొకరు పిలుచుకున్నట్లు, జాతులు మీ మీదికి ఒకదాన్నొకటి పిలుచుకునే కాలం వస్తుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆనాడు మేము తక్కువమందిమి కావటం వల్లనా అని ఒకరు అడిగారు. కాదు, ఆనాడు మీరు చాలామందే ఉంటారు, కాని వరద నీటి మీద తేలే నురగలా ఉంటారని ఆయన జవాబిచ్చారు. ప్రపంచ వ్యామోహం, మరణమంటే అయిష్టం మీ హృదయాల్లో చేరటమే దానికి కారణమని వివరించారు.

గమనించారా? ఈ హదీసులోనూ అదే పదం, 'తదాఆ'. విశ్వాసులు ఒకరి కోసం ఒకరు పిలుచుకోవటం మానితే, ఇతరులు వారి మీదికి పిలుచుకుంటారు. మన మస్జిదులు నిండుతున్నాయి. మన సభలకు జనం వేలల్లో వస్తున్నారు. కాని రక్తప్రవాహంలో తిరిగే కణాల సంఖ్య ఆరోగ్యానికి కొలత కాదు, గాయం దగ్గరికి చేరిన కణాలే కొలత. ఆ సాయంత్రం పిల్లవాడి చుట్టూ నిలబడ్డవారి సంఖ్య తక్కువేమీ కాదు. వారికి లేనిదల్లా గోడను పట్టుకుని ఆగే ఆ పట్టే. అది వారిలో కలిగేలా బోధించని నా వంటివారికి కూడా ఈ లోపంలో భాగముంది.

చిన్న గాయాన్ని కప్పే పొరుగువాడు

అయితే ప్రతి గాయానికీ ఊరంతా పరుగెత్తాలా? అక్కర్లేదు. సృష్టికర్త వివేకం ఇక్కడ ఇంకా అబ్బురపరుస్తుంది.

మన కణజాలంలో ఎప్పుడూ కాపురముండే కాపలా కణాలున్నాయి. వాటిని మాక్రోఫేజ్‌లంటారు. ఇవి రక్తం నుంచి పరుగెత్తుకొచ్చేవి కావు, ఆ వాడలోనే నివసించేవి. 2019లో ఎలుకలపై జరిగిన ఒక పరిశోధనలో లేజర్ కిరణంతో ఒక్క కణమంత చిన్న గాయం చేసి చూశారు. పక్కనున్న మాక్రోఫేజ్‌లు కొద్ది నిమిషాల్లోనే చేతులు చాచినట్లు తమ పొరలను చాచి ఆ గాయాన్ని కప్పేశాయి. గాయం కబురు బయటికి పొక్కలేదు. న్యూట్రోఫిల్స్ గుంపు రాలేదు. చుట్టుపక్కల ఆరోగ్యకరమైన భాగానికి ఏ నష్టమూ జరగలేదు. ఆ మాక్రోఫేజ్‌లను తొలగించి అంతే చిన్న గాయం చేస్తే మాత్రం న్యూట్రోఫిల్స్ మూకగా వచ్చాయి. గాయం కంటే ఆ మూక చేసిన నష్టమే ఎక్కువయింది.

సోదరులారా! ఎవరు ఒక ముస్లిం లోపాన్ని కప్పి ఉంచుతాడో, ఇహపరాల్లో అల్లాహ్ అతని లోపాన్ని కప్పి ఉంచుతాడని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (ముస్లిం). భార్యాభర్తల మధ్య ఒక పూట మాటామాటా పెరుగుతుంది. అన్నదమ్ములు గట్టు దగ్గర గొడవపడతారు. ఒక యువకుడు తప్పటడుగు వేసి సిగ్గుపడుతుంటాడు. ఇవి ఒక్క కణమంత గాయాలు. పక్కనున్న ఒక్క పెద్దమనిషి, ఒక్క పిన్ని, ఒక్క స్నేహితుడు చేయి చాచి కప్పితే సాయంత్రానికి మానిపోతాయి. మనం ఏం చేస్తున్నాం? వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాం. తెల్లవారేసరికి వందమంది తీర్పు చెబుతారు. గాయం చిన్నదే, కాని వచ్చిన మూక రెండు కుటుంబాలను కాల్చివేస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. లోపాన్ని కప్పటం వేరు, దౌర్జన్యాన్ని కప్పటం వేరు. మాక్రోఫేజ్ పొర చిన్న గాయానికే సరిపోతుంది. గాయం పెద్దదయితే ఆ పొర చాలదు, అప్పుడు పిలుపు వెళ్ళి తీరాలి. భర్త చేతిలో దెబ్బలు తినే ఆడపడుచును "ఇంటి గుట్టు బయటపెట్టకు తల్లీ" అని తిరిగి పంపటం హదీసును పాటించటం కాదు. అనాథ ఆస్తిని మింగినవాడి గురించి మౌనం వహించటం కప్పటం కాదు, కుమ్మక్కవటం. నీ సోదరుడు పీడితుడైనా, పీడకుడైనా అతనికి సాయపడమని, పీడకుణ్ణి దౌర్జన్యం నుంచి ఆపటమే అతనికి చేసే సాయమని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు (బుఖారీ).

సాయమే హాని అయినప్పుడు

డాక్టరుగారి రెండో మాట గుర్తుంది కదా! వచ్చినవాళ్ళు వెళ్ళకపోయినా భయపడాలన్నారు.

న్యూట్రోఫిల్ చేతిలో పదునైన ఆయుధాలున్నాయి. క్రిములను చంపే రసాయనాలే ఆరోగ్యకరమైన మాంసాన్ని కూడా కరిగించగలవు. పెద్ద ప్రమాదంలో శరీరం నలిగినప్పుడు ఒక్కోసారి కాలికి గాయమైతే రోజుల తర్వాత ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఊపిరితిత్తులకు అసలు దెబ్బే తగలలేదు. రెచ్చిపోయిన తెల్లకణాలు అక్కడి సన్నని రక్తనాళాల్లో చిక్కుకుని, లేని శత్రువుతో యుద్ధం మొదలుపెడతాయి. మనిషి శ్వాస అందక, ఒకదాని తర్వాత ఒకటిగా అవయవాలు చతికిలబడి ప్రమాదస్థితికి చేరుకుంటాడు.

దీనికి ఒక కారణాన్ని 2010లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. మన దాదాపు అన్ని కణాల్లో శక్తినిచ్చే మైటోకాండ్రియాలనే భాగాలున్నాయి. వాటిలోని పదార్థం బాక్టీరియాలోని పదార్థాన్ని పోలి ఉంటుంది. తీవ్ర గాయాల్లో అవి చితికి రక్తంలో కలిసినప్పుడు, తెల్లకణాలు వాటిని శత్రువుల జాడగా పొరబడతాయి. తన ఇంటి శిథిలాలనే శత్రుసేన అనుకుని తన ఇంటి మీదే దాడి చేసినట్లన్నమాట!

మనుషుల్లో ఇలా జరగటం లేదా? ఎక్కడో ఒక అన్యాయం జరుగుతుంది. బాధ నిజమే. కోపమూ సహజమే. కాని ఆ కోపం నూరుమైళ్ళ దూరంలో, ఏ పాపమూ ఎరుగని ఒక చిన్న దుకాణదారుడి అద్దాల మీద రాయిగా పడుతుంది. ఒక తప్పుడు వీడియో చూసి, విచారించకుండా, సాటి ముస్లిం వర్గాన్నే శత్రువుగా ప్రకటిస్తాం. ఒక జనం పట్ల ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయకూడదని ఖుర్ఆన్ ఆదేశిస్తోంది (అల్ మాయిదా : 8). ఎవరైనా దుర్మార్గుడు ఒక వార్త తెస్తే, తెలియక ఎవరికో కీడు చేసి తర్వాత పశ్చాత్తాపపడకుండా, ముందు విచారించుకోమని ఆదేశిస్తోంది (అల్ హుజురాత్ : 6). ఈ రెండు ఆయతులూ గాయపడ్డ సమాజానికి చికిత్సా సూత్రాలు.

తెలియనితనంతో చేసే సాయం గురించి మరో ఉదంతం. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. సహచరులు కొందరు ప్రయాణంలో ఉండగా ఒకరికి రాయి తగిలి తలకు గాయమయింది. ఆ రాత్రి ఆయనకు స్నానం తప్పనిసరయింది. నేను తయమ్ముమ్ చేసుకోవచ్చా అని ఆయన తోటివారిని అడిగారు. నీళ్ళు ఉన్నాయి కదా, నీకు ఆ సడలింపు లేదన్నారు వారు. ఆయన స్నానం చేశారు, చనిపోయారు. ఈ సంగతి తెలిసినప్పుడు దైవప్రవక్త (స) ఎంతో ఆగ్రహించారు. వాళ్ళే అతన్ని చంపారన్నారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదు, అజ్ఞానమనే జబ్బుకు మందు అడిగి తెలుసుకోవటమే కదా అన్నారు (అబూదావూద్). ఆలోచించండి, ఆ సలహా ఇచ్చినవారు అతని శత్రువులు కారు. అతని మేలు, అతని నమాజు కోరినవారే. మంచి ఉద్దేశం ఒక్కటే సరిపోలేదు.

చివరిదాకా ఉండేవారు

ఆరోగ్యవంతమైన దేహంలో సాయానికి ఒక ముగింపు కూడా ఉంటుంది. గుంపు కట్టిన న్యూట్రోఫిల్స్ తమ సంఖ్య బాగా పెరిగాక, తాము పంపిన పిలుపుకే స్పందించటం తగ్గించి నెమ్మదిస్తాయని 2021లో ఎలుకలలో కనుగొన్నారు. ఎంత పిలవాలో తెలిసినట్లే, ఎప్పుడు ఆగాలో కూడా వాటికి నేర్పబడింది. ఎంతటి వివేచనాపరుడు ఆ నేర్పినవాడు!

న్యూట్రోఫిల్స్ పోరాటం కోసం మాత్రమే వస్తాయని చాలాకాలం అనుకున్నారు. 2017లో ఎలుకల కాలేయంలో క్రిములేవీ లేని కాలిన గాయాన్ని గమనిస్తే, అవి అక్కడ చితికిన పాత రక్తనాళాల శిథిలాలను తొలగించి, కొత్త నాళాలు పెరగటానికి దారి చేస్తూ కనబడ్డాయి. శత్రువు లేనిచోట అవి చెత్త ఎత్తాయి. పని అయ్యాక కొన్ని తిరిగి మూలుగకు చేరుకున్నాయి.

ఒకటి రెండు రోజుల తర్వాత మరో దళం వస్తుంది. రక్తంలోంచి వచ్చి మాక్రోఫేజ్‌లుగా మారే కణాలవి. ఇవి చనిపోయిన న్యూట్రోఫిల్స్‌ను తమలోకి తీసుకుని శుభ్రం చేస్తాయి. ఆ శుభ్రం చేయటంతోనే వాటి స్వభావం మారుతుంది. యుద్ధం మాని, కొత్త కణజాలం పెరగమని సంకేతాలు పంపుతాయి. ఈ పని వారాల తరబడి, పెద్ద గాయమైతే నెలల తరబడి సాగుతుంది. మొదటి రోజు వచ్చిన ఎర్రదనం, వేడి అందరికీ కనబడతాయి. ఈ రెండో దళం పని ఎవరికీ కనబడదు. కాని గాయం మానేది దీనితోనే.

మనవద్ద మొదటి రోజు సాయానికి కొదవలేదు. ఎవరైనా మరణిస్తే మూడు రోజులు ఇల్లు నిండిపోతుంది. వంటలు వస్తాయి. మూడో నెలలో ఆ వితంతువు ఇంట్లో బియ్యం ఉన్నాయా అని అడిగేవారెవరు? కాలు విరిగిన ఆటో డ్రైవరుకు మొదటి వారం పండ్లు తీసుకెళతాం. ఆరో వారంలో అతని ఆటో కిస్తీ ఎవరు కడుతున్నారు? దాసుడు తన సోదరునికి సాయంగా ఉన్నంతకాలం అల్లాహ్ ఆ దాసునికి సాయంగా ఉంటాడని దైవప్రవక్త (స) చెప్పారు (ముస్లిం). ఉన్నంతకాలం అన్న మాటను గమనించండి. సాయం ఒక రోజు వేడుక కాదు.

మనమేం చేయాలి?

ఉహద్ యుద్ధంలో దైవప్రవక్త (స) ముఖానికి గాయమయింది. పన్ను విరిగింది. తల మీది శిరస్త్రాణం నలిగింది. హజ్రత్ అలీ (రజి) డాలులో నీళ్ళు తెచ్చి పోస్తుంటే హజ్రత్ ఫాతిమా (రజి) రక్తం కడిగారు. నీళ్ళకు రక్తం ఇంకా ఎక్కువవుతోందని ఆమె గమనించారు. వెంటనే చాప ముక్క కాల్చి ఆ బూడిదను గాయానికి అద్దారు. రక్తం ఆగింది (బుఖారీ, ముస్లిం). ఆనాడు తెలిసిన వైద్యం అది. గాయంలో బూడిద వేయమని నేను చెప్పటం లేదు. ఈనాడు తెలిసిన వైద్యం వేరు. ఆ తల్లి నుంచి నేర్చుకోవలసింది ఇది: ఆమె ఏడుస్తూ నిలబడలేదు, చేస్తున్నది పనిచేయకపోతే పట్టుబట్టలేదు, సరైన పద్ధతి ఆమెకు తెలిసి ఉంది.

కనుక ప్రతి మస్జిదు కమిటీ ఏడాదికి ఒకసారైనా ఒక డాక్టరును పిలిచి ప్రథమ చికిత్స నేర్పించాలి. శుభ్రమైన గుడ్డతో రక్తం కారేచోట గట్టిగా అదిమిపట్టాలని, గుచ్చుకున్న వస్తువును లాగకూడదని, స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదని, మెడకో వెన్నుకో దెబ్బ తగిలిందనిపిస్తే ఊరికే లేపి కూర్చోబెట్టకూడదని, వెంటనే 108కి ఫోను చేయాలని మన యువకులకు తెలియాలి. పోలీసు కేసు అవుతుందన్న భయం చాలామందిని ఆపుతోంది. 2016లో సుప్రీంకోర్టు ఇలా సాయపడేవారి రక్షణ కోసం మార్గదర్శకాలను ఆమోదించింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చి, మంచి ఉద్దేశంతో సాయపడినవారికి చట్టరక్షణ కల్పించారు. ఈ సంగతి మింబర్ మీద నుంచి చెప్పటంలో తప్పేమీ లేదు.

మస్జిదులో ఇలాంటి మాటలెందుకు అని ఎవరైనా అనవచ్చు. ఖందఖ్ యుద్ధంలో గాయపడ్డ హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) కోసం, దగ్గరుండి పరామర్శించటానికి వీలుగా, దైవప్రవక్త (స) మస్జిదులోనే గుడారం వేయించారు (బుఖారీ). రుఫైదా (రజి) అనే సహాబియా క్షతగాత్రులకు చికిత్స చేసేవారు. మస్జిదె నబవీలో గాయానికి చోటుంది. మన మస్జిదులో లేకపోవటమే వింత. రక్తదానం చేయగలవారి పేర్లు, వారి గ్రూపులు మస్జిదు రిజిస్టరులో ఉండాలి. ఆ రక్తం ఎవరికి కావాలన్నా ఇవ్వాలి. ఒక్క ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవుల్ని కాపాడినట్లేనని దైవగ్రంథం చెబుతోంది (అల్ మాయిదా : 32). ఆ ప్రాణం ఏ మతస్థునిదని ఆ కూరగాయల అమ్మ అడగలేదు. మనమూ అడగకూడదు.

ఆ పిల్లవాడు ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాడు, అల్‌హమ్దులిల్లాహ్. తర్వాత వాడి తండ్రితో కలిసి ఆ అమ్మ దగ్గరికి వెళ్ళాం. కొత్త చీర ఇస్తే ఆమె నవ్వి, "పిల్లాడు బాగున్నాడా? అది చాలు" అంది. ఆ తర్వాతి జుమాకు నేను మళ్ళీ అదే హదీసు చదివాను. ఈసారి ముందుగా నాకు నేను చెప్పుకున్నాను.

సోదరులారా, సోదరీమణులారా! రేపు మన వీధిలో ఒక గాయం పిలుస్తుంది. అది రోడ్డు మీది రక్తం కావచ్చు, పక్కింటి తలుపు వెనుక ఏడుపు కావచ్చు, అప్పు తీర్చలేని ఒక తండ్రి మౌనం కావచ్చు. ఆ పిలుపు మన దాకా వచ్చినప్పుడు మనం ప్రవాహంలో కొట్టుకుపోతామా, ఆగుతామా? తెలిసి సాయపడతామా, తెలియక హాని చేస్తామా? గాయం మానేదాకా ఉంటామా?

ఓ అల్లాహ్! మమ్మల్ని ఒకే దేహంగా చేయి. బాధితుల పిలుపు వినే హృదయాన్ని, వారి దగ్గరికి నడిచే పాదాలను, హాని చేయని చేతులను మాకు ప్రసాదించు. కోపంలో న్యాయం తప్పకుండా మమ్మల్ని కాపాడు. గాయపడినవారికి, రోగులకు పూర్తి స్వస్థత ప్రసాదించు. ఆమీన్.